ఫ్రీజరులో పచ్చిమిరప

పుష్యమాసము వచ్చుసరికి పెరటిలోని నాలుగు మిరపమొక్కలు ఇంటిల్లిపాదికి కావలసినదానికంటె హెచ్చుగా కాయును. ఇరుగుపొరుగులకు పంచగా మిగిలినవి బుట్టలోనే వడలి, తొడిమలయొద్ద నల్లబడి, చివరకు చెత్తలో చేరును. రోహిణికార్తె ఎండలలో ఆ గృహిణియే అంగడికి పోయి, అవే కాయలను గుప్పెడేసి, రెట్టింపు ధర యిచ్చి కొనుచుండును. ఈ నాలుగైదు మాసముల ఎడమును కాయలచేత దాటించుట ఎట్లు?

మన పెద్దలకు ఉపాయములు లేకపోలేదు. పండినవానిని ఎండబెట్టిరి. పచ్చివానిని చీల్చి, ఉప్పు కలిపిన మజ్జిగలో నానవేసి ఊరమిరపకాయలు చేసిరి. పండుమిరపను చింతపండుతో దంచి కొరివికారము పెట్టిరి. అన్నియు ఘనమైనవే. కాని వీనిలో ఏదియు పచ్చిమిరపకాయగా మిగులదు. చీల్చి పప్పులో వేసినపుడు వచ్చు ఆ పచ్చి వాసన వేరు. దానిని నిలుపగలిగినది చలి.

ఏ చలి? రిఫ్రిజిరేటరు అరలోని చలి చాలదు. మిరప ఉష్ణదేశపు మొక్క. అమెరికా ఖండములో పుట్టి, 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. 7 డిగ్రీల సెంటీగ్రేడునకు లోబడిన చలిలో పచ్చికాయను పలు దినములుంచినచో తోలుమీద గుంటలుపడి మెత్తబడును. రెండుమూడు వారములకు మించి ఆశింపరాదు. గుంటూరు శీతల గిడ్డంగులలో మాసములతరబడి నిలువ యుండుట లేదా అని కొందరడుగుదురు. అవి ఎండుమిరపకాయలు, వానిలో గడ్డకట్టుటకు నీరే లేదు. పచ్చికాయ మాసములకొలది నిలువవలెనన్న సున్నకు దిగువ 18 డిగ్రీల చలి కావలెను. వేరు తలుపుగల ఫ్రీజరు దానిని ఇచ్చును. ఒంటి తలుపు పెట్టెలోని చిన్న మంచు అర సాధారణముగా అంత చలిని ఈయదు. అందుంచినవానిని కొద్ది వారములలో వాడుకొనుట మేలు.

పచ్చికాయలో నూటికి 85 పాళ్ళకు పైగా నీరే యుండును. నీరు మంచుగా మారినపుడు నూటికి 9 పాళ్ళు పెరుగును. మెల్లగా గడ్డకట్టినకొలది మంచు స్ఫటికములు పెద్దవై కణముల గోడలను చీల్చును. వేగముగా గడ్డకట్టినచో అవి చిన్నవిగా నుండి హాని తగ్గును. లాబ్రడారు మంచుగాలిలో క్షణములలో గడ్డకట్టిన చేప వండినపుడు తాజా రుచి నిచ్చుట చూచి, క్లారెన్స్ బర్డ్స్ఐ అను అమెరికను 1920 దశకములో ఈ సూత్రముమీదనే పెద్ద పరిశ్రమను నిలిపెను. ఇంటి ఫ్రీజరుకు అంత వేగము లేదు. కావున కరగిన కాయ కరకరలాడదు. రుచి, రంగు, కారము నిలుచును, బిగువు పోవును. ఈ ఒక్క సంగతి ముందే తెలిసికొన్నచో తరువాత ఆశాభంగముండదు.

నేను మొదటిసారి తెలియక చేసితిని. కడిగిన కాయలను తడితోనే సంచిలో నింపి లోపల పెట్టితిని. నెల తరువాత తీయగా ఆకుపచ్చని బండ యొకటి చేతికి వచ్చినది. పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా రోకలితో దానిని పగులగొట్టవలసివచ్చినది! తడియే అసలు శత్రువు.

గట్టి కాయలను ఏరి, కడిగి, మెత్తని గుడ్డమీద పరచి, చెమ్మ బొత్తిగా ఆరువరకు ఉంచవలెను. పిదప తొడిమలు తీసి, నిలువునగాని ముక్కలుగాగాని కోసి, పళ్ళెములో ఒకదానికొకటి తగులకుండ ఒక్క వరుసగా పరచి ఫ్రీజరులో పెట్టవలెను. ఇట్లు పరచినచో చలి ప్రతి ముక్కకును త్వరగా తగులును. కొన్ని గంటలలో అవి గులకరాళ్ళవలె గట్టిపడును. అపుడు సంచిలోనికి మార్చి, గాలిని చేతితో నొక్కి వెడలగొట్టి, మూతి బిగించి, తేదీ వ్రాయవలెను. గాలి మిగిలినచో ముక్కలు ఎండి, పైన తెల్లని పొర కట్టును. చిక్కుడు, బీన్సు వంటివానిని గడ్డకట్టించుటకు ముందు వేడినీట ముంచవలెను గాని కారపు మిరపకాయకు ఆ పని లేదు. ఇట్లుంచినవి ఎనిమిది మాసములు మొదలు ఏడాదివరకు రుచి చెడక యుండును.

బుట్టమిరపను, అనగా బెంగుళూరు మిరపను, గింజలు తీసి సగములుగా కోసి, మరుగునీట మూడు నిమిషములుంచి, వెంటనే చన్నీట ముంచి, తడి ఆర్చి గడ్డకట్టించినచో సంచిలో తక్కువ చోటు పట్టును. ముడివి పెట్టినను తప్పులేదు. పచ్చిమిరపను కొంచెము ఉప్పుతో నూరి, మంచుముక్కల పళ్ళెములో గడ్డకట్టించుట నాకు మరింత నచ్చిన పద్ధతి. ఉదయపు తొందరలో ఒక్క ముక్క చాలును.

కోయువేళ చేతులు మండుట అందరెరిగినదే. మంట పుట్టించు పదార్థము గింజలలోకంటె వానిని అంటియున్న తెల్లని ఈనెలలో ఎక్కువ. అది నీటిలో కరగదు. కావున ముందే చేతులకు నూనె రాసికొని, పిదప సబ్బుతో కడుగవలెను. పసిపిల్లలున్న ఇంట ఇది చిన్న విషయము కాదు.

వంటకు తీయునపుడు కరగనీయక నేరుగా పప్పులో, పులుసులో, కూరలో వేయవచ్చును. కాగిన నూనెలో మాత్రము వేయరాదు. మంచు తగిలిన నూనె చిటపటలాడి ముఖముమీదికి చిందును. ఉప్మా తాలింపునకు ముక్కలను కొంతసేపు గుడ్డమీద ఉంచి, తడి అద్ది, సన్నని సెగమీద వేయుట క్షేమము. బజ్జీలకు ఇవి పనికిరావు. వానికి మెత్తని కాయ ఒప్పదు.

చలి క్రిములను చంపదు, నిద్రపుచ్చును, అంతే. కావున కరెంటు పోయినపుడు తలుపు తెరువకుండుటయే మొదటి పని. నిండుగానున్న ఫ్రీజరు తెరువకున్నచో సుమారు 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలిని నిలుపుకొనును. తెరచి చూచినపుడు కాయలపై మంచు పలుకులు ఇంకను కనబడినచో తిరిగి గడ్డకట్టించవచ్చును. బిగువు మరికొంత తగ్గును, అంతే. పూర్తిగా కరగి గంటలతరబడి వెచ్చగా పడియున్నవానిని, ఎంత పచ్చగా కనబడినను, పారవేయవలెను.