తీరం చేరని కర్ణధారులు

సంస్కృతంలో ‘కర్ణం’ అంటే చెవి మాత్రమే కాదు, ఓడ చుక్కాని కూడా. చుక్కాని పట్టి ఓడను నడిపేవాడు కర్ణధారుడు. కాలక్రమంలో ఈ మాట నాయకులను ప్రశంసించడానికి ఉపయోగపడింది. అసలు కర్ణధారుడైన నావికుడు మాత్రం లోకం దృష్టికి దూరంగానే ఉండిపోయాడు. అతడెంతగా విస్మృతుడయ్యాడో 2020లో కరోనా మహమ్మారి వెల్లడించింది.

ప్రపంచ వాణిజ్యంలో, పరిమాణం రీత్యా, 80 శాతానికి పైగా సముద్రమార్గాననే సాగుతుంది. ముడిచమురు, బొగ్గు, ఆహారధాన్యాలు ఓడల మీదనే దేశదేశాలకు చేరుతాయి. వాటిని నడిపేవారిలో ఫిలిప్పీన్స్, భారత్, చైనా, ఇండోనేషియా, రష్యా దేశీయులు అధికసంఖ్యలో ఉన్నారు.

నావికుడు సాధారణంగా కొన్ని నెలల ఒప్పందం మీద ఓడ ఎక్కుతాడు. గడువు ముగియగానే ఏదో ఒక రేవులో దిగి, విమానంలో స్వదేశానికి వెళతాడు. అతని స్థానంలోకి మరొకరు వస్తారు. దీనినే సిబ్బంది మార్పిడి అంటారు. 2006 నాటి సముద్రయాన కార్మిక ఒప్పందం ప్రకారం ఎవరినీ ఎడతెగకుండా 12 నెలలు ఓడలో ఉంచరాదు. అలసిన నావికుని పొరపాటు ఓడకంతటికీ ప్రమాదం తెస్తుంది.

2020 మార్చి తరువాత విమానాలు ఆగాయి, వీసాలు నిలిచాయి. అనేక రేవులు సరుకును దింపుకొన్నాయే గాని, దానిని తెచ్చినవారిని నేలపై కాలు మోపనీయలేదు. బదులుగా మరొకరు రానిదే ఓడను విడిచి వెళ్ళడానికి వీలులేదు. కనీస సిబ్బంది లేకుండా నౌక ప్రయాణం చేయరాదు. ఆ ఏడాది చివరికి గడువు దాటినా ఓడలలోనే చిక్కుకొన్నవారు సుమారు 4 లక్షలమందని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అంచనా వేసింది. కొందరు 17 నెలలకు పైగా సముద్రంపైనే గడిపారు. జబ్బుపడినవారికి తీరంలో వైద్యం నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి. మరోవైపు దాదాపు అంతేమంది ఓడ ఎక్కే దారిలేక, సంపాదన కరవై ఇళ్ళలో నిరీక్షించారు.

కొన్నిచోట్ల సరుకుకు సైతం ప్రవేశం దొరకలేదు. భారతీయ నౌక ‘జగ్ ఆనంద్’ ఆస్ట్రేలియా బొగ్గుతో 2020 జూన్‌లో చైనాలోని జింగ్‌టాంగ్ రేవు సమీపాన లంగరు వేసింది. సరుకు దించడానికి గాని, సిబ్బందిని మార్చడానికి గాని అనుమతి లభించలేదు. మహమ్మారి నిబంధనలే కారణమని చైనా పేర్కొన్నది. ఆస్ట్రేలియాతో నడుస్తున్న వాణిజ్య వివాదమూ కారణమేనని పలువురు భావించారు. అందులోని 23 మంది భారతీయ నావికులకు ఆ వివాదంతో ఏ సంబంధమూ లేదు. అయినా, 2021 జనవరిలో ఓడను జపాన్‌లోని చిబా రేవుకు మళ్ళించేవరకు వారికి ఇల్లు చేరే మార్గం కలగలేదు.

నావికులను అత్యవసర సేవల కార్మికులుగా గుర్తించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2020 డిసెంబరు 1న తీర్మానించింది. 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ గుర్తింపును సముద్రయాన కార్మిక ఒప్పందంలో చేర్చే సవరణలను ఆమోదించింది. అయితే తీర్మానాలు అమలయ్యేది రేవులలోనే. తన వాకిటికి సరుకు తెచ్చినవానిని ఇంటికి పంపే బాధ్యత తనదేనని ప్రతి దేశమూ అంగీకరించినప్పుడే, మరొక విపత్తు వచ్చినా కర్ణధారుడు తీరం చేరగలుగుతాడు.