ఇరవై ఏళ్ళ లోపు: ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలు, అమెరికా ప్రస్థానం

ప్రతి యేటా క్రిస్మస్ మరునాడు మొదలై జనవరి మొదటి వారంలో ముగిసే ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలలో ఇరవై ఏళ్ళ లోపు యువకుల జాతీయ జట్లు తలపడతాయి. తెలుగువారికి బాగా పరిచయమైన అండర్-19 క్రికెట్ ప్రపంచ కప్పు రెండేళ్ళకొకసారి వస్తుంది. ఇది ఏటా జరుగుతుంది. వయోపరిమితి కారణంగా ఇందులో రెండుమూడు సార్లకు మించి ఆడగలిగేవారు అరుదు. అందుచేత ఏ దేశపు జట్టయినా ఏడాది తిరిగేసరికి చాలావరకు మారిపోతుంది. ఒకే ఆటగాడు పదేళ్ళపాటు దేశాన్ని గెలిపించడం ఇక్కడ సాధ్యం కాదు. పదేపదే గెలవాలంటే ఆటగాళ్ళను తయారుచేసే వ్యవస్థ కావాలి. అటువంటి వ్యవస్థను నిర్మించుకోవడానికి అమెరికాకు రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

1974 నుంచి మూడేళ్ళపాటు ఈ పోటీలు అనధికారికంగా సాగాయి. 1977లో చెకోస్లొవాకియాలో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య వాటిని అధికారికంగా ప్రారంభించింది. తొలి నాలుగు స్వర్ణాలూ సోవియట్ యూనియన్‌వే. కెనడా అప్పట్లో తరచు ఏదో ఒక క్లబ్బు జట్టునే పంపేది. ఆ పద్ధతి మార్చుకొని, దేశమంతటి నుంచి ఎంపిక చేసిన జట్టుతో 1982లో తొలి స్వర్ణం గెలుచుకుంది. ఆ విజయానికి వేదిక అమెరికాలోని మినసోటా రాష్ట్రం. రాచెస్టర్‌లో బహుమతి ప్రదానం వేళ కెనడా జాతీయగీతపు రికార్డు అందుబాటులో లేకపోతే, కుర్రవాళ్ళే గొంతు కలిపి పాడుకున్నారు. తొలిసారి ఆతిథ్యమిచ్చిన అమెరికాకు దక్కింది ఆరో స్థానం.

అమెరికాలో ప్రతిభకు కొరత లేదు. అయితే ఆ ప్రతిభ హైస్కూళ్ళు, విశ్వవిద్యాలయాలు, జూనియర్ లీగుల మధ్య చెదిరి ఉండేది. తొలి పతకంగా కాంస్యం 1986లో వచ్చింది. రెండవది, అదీ కాంస్యమే, 1992లో. 1996లో మాసచూసెట్స్ రాష్ట్రం వేదికగా జరిగిన పోటీలలోనూ ఆతిథ్య జట్టుకు పతకం దక్కలేదు. అదే ఏడాది అమెరికా హాకీ సంఘం మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జాతీయ జట్టు అభివృద్ధి కార్యక్రమాన్ని నెలకొల్పింది. ఎంపికైన పదహారు, పదిహేడేళ్ళ కుర్రవాళ్ళు 2015 వరకు అక్కడ రెండేళ్ళపాటు కలిసి శిక్షణ పొందేవారు. స్థానిక కుటుంబాల ఇళ్ళలో బస చేస్తూ అక్కడి హైస్కూల్లో చదువుకునేవారు.

ఫలితం 2004లో హెల్సింకిలో కనిపించింది. ఫైనల్లో కెనడాపై 3-1తో వెనకబడి ఉన్న అమెరికా చివరి అంకంలో మూడు గోల్స్ సాధించి 4-3తో గెలిచింది. నిర్ణాయక గోల్ యాదృచ్ఛికం: కెనడా గోల్‌కీపర్ మార్క్-ఆండ్రే ఫ్లూరీ దూరంగా కొట్టబోయిన పక్ సొంత ఆటగాడికి తగిలి వెనక్కి వచ్చి గోల్లో పడింది. ఆ జట్టులోని రయన్ సూటర్ వంటివారు ఆన్ ఆర్బర్ శిక్షణలో ఎదిగినవారే. అయితే ఆ పోటీలలో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన జాక్ పరీసే మాత్రం మినసోటాలోని ఒక బోర్డింగ్ స్కూలు నుంచి, ఆపై నార్త్ డకోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు. కొత్త కేంద్రం వచ్చినా పాత దారులు మూసుకుపోలేదు.

ఆ తరువాత 2010, 2013, 2017, 2021, 2024, 2025లలో అమెరికా స్వర్ణాలు గెలిచింది. ఈ ఏడింటిలో నాలుగు కెనడా గడ్డపై వచ్చినవి. సొంత గడ్డపై వచ్చినది ఒక్కటీ లేదు. 2017 డిసెంబర్ 29న బఫలోలోని ఫుట్‌బాల్ స్టేడియంలో ఆరుబయట, మంచు కురుస్తుండగా జరిగిన అమెరికా-కెనడా ఆటకు 44,592 మంది వచ్చారు. ఈ పోటీల చరిత్రలో అంతమంది ప్రేక్షకులు అంతకు ముందెన్నడూ రాలేదు. ఆ ఆట అమెరికా గెలిచింది. స్వర్ణం మాత్రం కెనడాకు వెళ్ళింది. ప్రేక్షకుల అండ ఒక రాత్రికి పనికి రావచ్చు, ఏటేటా గెలవడానికి చాలదు.

ఈ విజయాల వెనుక పదహారేళ్ళకే ఇల్లు విడిచిన పిల్లలున్నారు. ఇంటర్మీడియట్ హాస్టళ్ళను ఎరిగిన తెలుగు కుటుంబాలకు ఆ ఎడబాటు కొత్త కాదు. రెండుచోట్లా ఎంపికైనవారు కొందరే, శిఖరం చేరేవారు ఇంకా కొందరే. పతకాల పట్టిక గెలిచిన జట్లను లెక్కిస్తుంది గాని, ఇల్లు వదిలి వెళ్ళి కూడా జాతీయ జట్టుకు చేరలేకపోయినవారిని లెక్కించదు. వ్యవస్థను మెచ్చుకునేటప్పుడు వారిని కూడా గుర్తుంచుకోవాలి.