అంచుకు ఎన్ని మీటలు?

మంగళగిరి నేతచీరను తక్కిన చీరలనుండి వేరుపరచు లక్షణమేది యని యడిగినచో, దాని మేనంతయు సాదాగా నుండి, శోభ సమస్తమును జరీ అంచునందును చారల కొంగునందును నిలిచియుండుటయే యని చెప్పవచ్చును. గుంటమగ్గముపై సన్నని నూలు పడుగు పరచి, దాని రెండు ప్రక్కల జరీపోగులు చేర్చి, నిజాం అంచను పేర ప్రసిద్ధికెక్కిన ఆ తీరును నేయునపుడు, నేతగాని యెదుట రెండు విధములైన సంగతులుండును: తాను తలచినపుడు మార్చుకొనదగినది యొకటి, అచ్చు అతికిననాడే నిశ్చయమై, ఆ పడుగు తీరువరకు మార్చరానిది రెండవది. పేక రంగు మొదటి జాతికి చెందినది. వేరొక కండె నాడెలో పెట్టిన చాలును. అంచు వెడల్పు రెండవ జాతికి చెందినది. పడుగులో ఎన్ని జరీపోగు లెక్కించితిమో అంతియే అంచు. ఈ వివేకమే కంప్యూటరు తెరపై పెట్టెలును తీగలును కూర్చి ప్రోగ్రాములు నిర్మించువారికి మిక్కిలి యవసరమైనదని నా దృఢవిశ్వాసము.

అక్షరములతో ఆజ్ఞలు వ్రాయుటకు మారుగా, ఒక్కొక్క పని చేయు పెట్టెను తెరపై నిలిపి, ఒకదానినుండి మరియొకదానికి తీగ లాగి, ఆ తీగ వెంబడి అంకెలో రంగులో ఆకారములో ప్రవహించునట్లు చేయుటను దృశ్య ప్రోగ్రామింగు అందురు. నెదర్లాండ్సు దేశీయుడగు టాన్ రోజెండాల్ ప్రారంభింపగా, 2002లో మూలసంకేతముతో సహా లోకమునకు ఉచితముగా లభించిన బ్లెండర్ అను సాఫ్ట్‌వేరు ఇందుకు చక్కని యుదాహరణము. 2021 ఫిబ్రవరిలో వెలువడిన దాని 2.92 కూర్పులో జ్యామితి నోడ్‌లు చేరినవి. నోడ్ అనగా ఆ పెట్టెయే.

ఒక నిజాం అంచును ఇందులో కూర్చితిమనుకొందము. ఒక జరీపోగును గీయు పెట్టె, దానిని ప్రక్కప్రక్కన పేర్చు పెట్టె, రంగు నిచ్చునది, నమూనాను నిర్ణీతమైన ఎడముతో మరలమరల నిలుపునది, ఇట్లు ఎన్నియో పెట్టెలు తీగలతో అల్లుకొనియుండును. వాని నన్నిటిని ఎంచి, కీబోర్డుపై కంట్రోల్ కీతో జి కీని నొక్కినచో, అవన్నియు గ్రూప్ అను ఒక్క పెట్టెలో ఇమిడిపోవును. ఇక ఆ పెట్టెను చీర కుడియంచునకును, ఎడమయంచునకును, దుపట్టాకును వాడుకొనవచ్చును. కాని వెలుపలినుండి మార్చుటకు మార్గ మేర్పరచనియెడల అంచు లన్నియు ఒకే వెడల్పున, ఒకే రంగున వచ్చును గదా! అందుచేత లోపలనున్న పెట్టె యొక్క సాకెట్ నుండి, అనగా తీగ తగిలించు చోటినుండి, గ్రూప్ ఇన్‌పుట్ అను పెట్టెలో ఖాళీగా నున్న సాకెట్ వరకు ఒక తీగ లాగవలెను. లాగిన తోడనే వెలుపల ఒక మీట పుట్టును. ఎన్ కీ నొక్కిన కుడిప్రక్కన తెరచుకొను పట్టికలో దాని పేరు, తొలివిలువ, కనిష్ఠము, గరిష్ఠము నిర్ణయింపవచ్చును.

నిర్మాత బుద్ధికి పరీక్ష ఇక్కడనే. మొదట పేరు. లోపలి గణితమున దానిని గుణకమని పిలిచినను పిలువవచ్చును గాని, వెలుపల 'అంచు పోగులు' అని వ్రాసిననే చీర నెరిగినవాని చేయి దానిపైకి పోవును. పిదప జాతి. పోగులు ఎన్నడును అరపోగుగా నుండవు గనుక, అది పూర్ణాంకపు సాకెట్ కావలెను; దశాంశములకు తావిచ్చినచో తెరపై అందముగా కనబడిన అంచు మగ్గమునకు పనికిరాదు. ఆ పిమ్మట హద్దులు. ఇచ్చట పలువు రెరుగని సూక్ష్మ మొకటి కలదు: పట్టికలో వ్రాసిన కనిష్ఠ గరిష్ఠములు చేతితో విలువ నిచ్చువానిని మాత్రమే అడ్డగించును, వేరొక పెట్టెనుండి తీగద్వారా వచ్చు విలువను అవి ఆపవు. నిజముగా హద్దు నిలువవలెనన్నచో లోపల క్లాంప్ అను పెట్టెను కూడ చేర్చవలసియున్నది.

ఈ యాలోచన నిన్నటిది కాదు. ఫ్రాన్సు దేశమున జాకార్డ్ 1804లో మగ్గమునకు రంధ్రముల అట్టలను జోడించినపుడే, ఒకే అట్టలవరుసతో వేర్వేరు రంగుల నూలు నేయుట సాధ్యమైనది. నమూనా స్థిరము, రంగు చరము. 1963లో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అను కార్యక్రమమున, మూలచిత్రమును దిద్దినచో దాని ప్రతు లన్నియు తామే దిద్దుకొనునట్లు చేసెను. 1986లో వచ్చిన ల్యాబ్‌వ్యూ అను దృశ్య ప్రోగ్రామింగు సాఫ్ట్‌వేరు ప్రతి తీగలపటమునకును మీటలు గల ముఖఫలకము నొకదానిని జతచేసినది. బాలుర కొరకైన స్క్రాచ్ అను దృశ్య ప్రోగ్రామింగు భాషయొక్క 2013 నాటి రెండవ కూర్పునుండి, విలువలను స్వీకరింపగల సొంత బ్లాకులను బాలురు సైతము తయారుచేసికొనుచున్నారు.

ఇంత సులభమైన తరువాత, ప్రతి సాకెట్‌ను వెలుపలికి లాగవలెనను చాపల్యము కలుగుట సహజము. నలువది మీటలు గల అంచు నాకు మాత్రము అసంపూర్ణమైన పనిగానే తోచును. నిర్మాత తాను చేయవలసిన నిర్ణయములను వాడువాని నెత్తిన వేసినాడన్నమాట. అంచు పోగులు, జరీ రంగు, నమూనాల నడుమ ఎడము, ఈ మూడును చాలును. మేనిపై బుటా లెన్ని యను మీట యుండనే కూడదు. మేను సాదాగా నుండుటయే మంగళగిరి చీర లక్షణ మైనపుడు, దానిని చెరుపు మీటను చేతి కందించుట ఆ చీరకు చేయు ఉపకారము కాదు.

చీరలు పెక్కింటిలో అంచు వాడిన తరువాత క్రొత్త మీట నొకదానిని చేర్చవలసివచ్చును. అప్పుడు బహుజాగ్రత్త వలయును. క్రొత్త మీట చేర్చిన క్షణమున, పూర్వము వాడిన ప్రతి అంచును దాని తొలివిలువను గ్రహించును. కావున అంతవరకు లోపల గూఢముగా పనిచేయుచుండిన విలువనే తొలివిలువగా నిలిపినచో పాత చీర లేమాత్రము మారవు. వేరొకటి నిలిపినచో అన్నియు ఒక్కసారిగా రూపు మారును. మీట పేరు మార్చుట నిరపాయము. మీటను తొలగించుట కాదు, దానికి కట్టిన తీగలు కూడ తెగిపోవును. లోపలి కట్టడమే మారవలసినచో, గ్రూపును వేరుప్రతిగా చేసి, క్రొత్త పేరు పెట్టి, పాతదానిని పాత చీరలకే విడిచిపెట్టుట మేలు.