వంతు విడిది: లాభమా? నష్టమా?

వేసవి సెలవులలో ఆలుబిడ్డలతో నాలుగు దినములు చల్లని తావున గడపి రావలెనను కోరిక మధ్యతరగతి సంసారులకు నేడు సహజమైనది. ఆ కోరికను ఇరువదియైదేండ్ల వఱకు ఒక్కసారిగా తీర్చెదమని చెప్పి, కొన్ని లక్షల రూపాయలు పుచ్చుకొని సభ్యత్వమిచ్చు సంస్థలు మన దేశమున వెలసియున్నవి. ఈ యేర్పాటును 'టైంషేర్' అందురు. దీనిని తీసికొనుట మంచిదా కాదా యని బంధువులును మిత్రులును నన్ను తఱచుగా అడుగుచుందురు. అడిగినవారిలో కొందఱు ఉద్యోగము విరమించి, వచ్చిన సొమ్మును ఎట్లు వినియోగింతుమా యని తలపోయువారు. కొందఱు క్రొత్తగా సంసారము పెట్టిన దంపతులు. ఇరుదెగలవారికిని ఆ సొమ్ము చిన్నది కాదు. కావున ఈ విషయమును ఉద్రేకము లేక, లెక్కలు ముందుంచుకొని విచారింతమని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట దీని స్వరూపమెట్టిదో చూతము. చెఱువు క్రింది రైతులు నీటిని వంతులు వేసికొనుట మన పల్లెలలో అందఱెఱిగినదే. కాలువ యొక్కటే, నేడు నా వంతు, రేపు మీ వంతు. అట్లే విహారస్థలమునందలి యొక గదిని ఏడాదికి ఏబది రెండు వారములుగా పంచి, ఒక్కొక్క వారమును ఒక్కొక్కరికి అమ్మినచో అది టైంషేర్ అగును. అందుచే దీనిని నేను 'వంతు విడిది' యని పిలిచెదను. ఆలోచనలో దోషమేమియు లేదు. ఏడు దినముల విహారమునకై కొడైకెనాలులో ఇల్లు కొని, తక్కిన మూడువందల యేబది యెనిమిది దినములు దానికి తాళము వేసియుంచుట కంటె, పదిమందితో కలిసి పంచుకొనుట తెలివైన పనియే.

ఈ పద్ధతి ఐరోపాలో పుట్టినది. 1963లో స్విట్జర్లాండున హాపిమాగ్ అను సంస్థ వాటాలు కొన్నవారికి విహారగృహములలో నివసించు హక్కు నిచ్చుట ప్రారంభించెను. 1967 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండలలో మంచుజాఱుడు ఆటలకు ప్రసిద్ధమైన యొక తావున ఇదే పద్ధతి నడచినది. పిమ్మట అది అమెరికాకు ప్రాకి, ఫ్లారిడా వంటి తీరప్రాంతములలో గొప్ప వర్తకమయ్యెను. ఒకచోటి వంతును వేఱొకచోటి వంతుతో మార్చుకొనుటకై 1974లో అమెరికాలో ఆర్.సి.ఐ. అను సంస్థ యేర్పడినది. మన దేశమున 1986లో స్టెర్లింగ్ సంస్థయు, 1996లో మహీంద్రా వారి విహారసంస్థయు ఈ వర్తకమున ప్రవేశించినవి.

ఐతే రైతు వంతునకును ఈ వంతునకును ఒక ముఖ్యభేదము కలదు. రైతు వంతు అతని భూమి ననుసరించి వచ్చును. భూమి యున్నంత కాలము వంతును ఉండును. అమెరికాలో కొన్ని వంతులు దస్తావేజుతో కూడిన స్థిరాస్తులే. మన దేశమున సాధారణముగా అమ్మబడునది మాత్రము ఉత్త అనుభవహక్కు. గడువు తీఱగానే హక్కును తీఱిపోవును. గోడలో ఒక ఇటుకయైనను మీది కాదు. "ఇది ఆస్తి" యని అమ్మువారు చెప్పినచో, ఆ మాట యొడంబడికలో ఎచ్చట నున్నదో చూపుమని యడుగుడు.

ఇక సొమ్ము సంగతి. సభ్యుడు చెల్లించునది మూడు విధములు. మొదటిది ప్రవేశరుసుము. రెండవది ఏటేట చెల్లించు నిర్వహణ రుసుము. మీరు ఆ యేడు విడిదికి పోయినను పోకున్నను ఇది తప్పదు, ధరలతోపాటు పెరుగుచునే యుండును. మూడవది అచ్చటి భోజనవ్యయము. కొండమీది విడిదిలో వేఱొక పూటకూళ్లు దగ్గఱలో లేకపోవుటచే ఇది తరచు తలచినదానికి మించును. అమ్మువారు మొదటిదానిని గూర్చి విస్తరించి చెప్పుదురు. రెండవదానిని సన్నగా పలుకుదురు. మూడవదాని నెత్తనే యెత్తరు. ఏనుగును కొనుట కంటె మేపుట కష్టమని పెద్దలు చెప్పిన మాట ఇచ్చట జ్ఞాపకముంచుకొనదగినది.

ఊహకై కొన్ని అంకెలు వేసికొందము. ఇవి ఏ సంస్థవియు కావు. లెక్కచేయు విధము తెలియుటకు నేను వేసినవి మాత్రమే. ప్రవేశరుసుము 4,00,000 రూపాయలు. గడువు 25 ఏండ్లు. ఏడాదికి 7 రాత్రులు. నిర్వహణ రుసుము మొదటి యేట 20,000, అది ఏటికి నూటికి 5 చొప్పున పెరుగును. అట్టి గదియే హోటలులో నేడు రాత్రికి 6,000 రూపాయలకు దొరకుననియు, ఆ యద్దెయు నూటికి 5 చొప్పుననే పెరుగుననియు అనుకొందము.

అమ్మువారి లెక్క యిది: నాలుగు లక్షలను 175 రాత్రులకు పంచినచో రాత్రికి 2,286 రూపాయలు. హోటలువాడు ఆరువేలు పుచ్చుకొనుచుండగా ఇది చవుక కాదా? కాదు. ఏలయన, ఆ నాలుగు లక్షలు మీ చేతనే యుండి నూటికి ఏడు చొప్పున వడ్డీ తెచ్చుచుండినచో, అసలును వడ్డీయు కలిపి ఇరువదియైదేండ్ల పాటు ఏటేట సుమారు 34,000 రూపాయలు మీరు వాడుకొనవచ్చును. సభ్యత్వము నిజముగా మీకు ఏటేట తప్పించునది ఆ 34,000. దానికి నిర్వహణ రుసుము 20,000 చేర్చినచో మొదటి యేట 54,000. అనగా రాత్రికి సుమారు 7,700. ఆరువేలకు దొరకు గదికి ఏడువేల యేడువందలు ఇచ్చుచున్నారన్నమాట.

ఐనను న్యాయము చెప్పవలయును గదా. 34,000 మారదు, హోటలు అద్దె పెరుగును. పదియవ యేటికి రెండును రాత్రికి 9,300 దగ్గఱ సమానములగును. అటుపిమ్మట సభ్యునికి లాభము. ఇరువదియైదవ యేట హోటలులో 19,000కు మించిన గది సభ్యునికి 14,000కు దొరకును. కావున ఈ యేర్పాటు మోసమని ఒక్కమాటతో త్రోసివేయుట తగదు. ఏయేటి వంతును ఆ యేడే వాడుకొని, పదియేండ్లు ఓర్చినవాడు నష్టపడడు.

కాని ఈ లెక్క అంతయు 'ఏటేట వాడుకొనుట' యను నొక్క మూలము మీద నిలిచియున్నది. మూడేండ్ల కొక్కయేడు వంతు వృథాపోయినదనుకొనుడు. పిల్లల పరీక్షలు, పెద్దల అనారోగ్యము, ఇంట పెండ్లి, ఉద్యోగమున బదిలీ - ఇవి లేని సంసార మెచ్చట? అప్పుడు మొదటి యేటి లెక్కన రాత్రికి 11,500 రూపాయలు పడును. అంతేకాదు, సమానమగు దినము ఇరువదియైదేండ్లలో ఒక్కనాడును రాదు. ఇరువదియైదవ యేటను హోటలే చవుకగా నుండును. వాడుకొనని దినములను మఱుసటి యేటికి నిలువచేసికొను సౌకర్యము కొన్ని సంస్థలిచ్చును. దాని హద్దులు తెలిసికొనవలెను. సొమ్మును నెలసరి వాయిదాల మీద, వడ్డీతో చెల్లించువారికి ఈ లెక్క మఱింత బరువగును.

గది దొరకుట మఱియొక ప్రశ్న. సంస్థలు సంవత్సరమును ఋతువులుగా విభజించి వానికి రంగుల పేర్లు పెట్టుట కలదు. రద్దీకాలపు సభ్యత్వమునకు వెల హెచ్చు, వానకాలపుదానికి తక్కువ. మనవారికి సెలవులు దొరకునది వేసవియందును, దసరా సంక్రాంతులకును. అందఱికిని అదే సమయము గదా! చవుక రంగు కొన్న ఉపాధ్యాయునికి బడి నడచు దినములలోనే వంతు వచ్చినచో అతడేమి చేయగలడు? హెచ్చు వెల పెట్టినవారికిని నెలల ముందుగా గది కోరుకొననిదే కోరినచోట దొరకుట కష్టము. కావున సభ్యత్వము తీసికొనుటకు ముందు, ఇదివఱకే సభ్యులైనవారిని ఇద్దఱు ముగ్గురిని కలిసికొని, గత మూడేండ్లలో వారు ఎచ్చటికి, ఏ మాసమున పోగలిగిరో అడుగుట మేలు.

ఇక అమ్ము పద్ధతి. పెద్ద దుకాణసముదాయములలో ఒక చీటి నింపించుకొందురు. కొలది దినములకు "మీకు బహుమతి వచ్చినది; దంపతు లిరువురును రావలెను" అని టెలిఫోను వచ్చును. ఇట్టి సభ కొకదానికి నా బావమఱదితో కూడ నేనును పోయితిని. తేనీరును మర్యాదయు ఘనముగానే జరిగినవి. రెండు గంటలు గడచిన పిదప, "ఈ తగ్గింపు ఈ సాయంకాలము వఱకే" అనిరి. ఒడంబడిక ప్రతిని ఇంటికి తీసికొనిపోయి చదివి రేపు చెప్పెదమని మా బావమఱది యడిగెను. ముందుగా కొంత చెల్లించిననే గాని ప్రతి నీయమనిరి. "ఇష్టము లేనినాడు తిరిగి యిచ్చి సొమ్ము తీసికొనవచ్చును" అని అమ్మువాడు నోటితో పలికినాడు. బల్లమీది కాగితమున మాత్రము, వ్రాతలో లేని ఏ వాగ్దానమునకును సంస్థ బద్ధము కాదని సన్నని అక్షరములలో ఉండినది. మే మిరువురమును నమస్కరించి లేచితిమి. మంచి సరకునకు రేపటి వఱకు ఆగు ఓపిక యుండవలెను. సాయంకాలమునకు చెడిపోవు బేరము ఇరువదియైదేండ్లు ఎట్లు నిలుచును?

తిరిగి అమ్ముకొందమన్నను సుళువు కాదు. కొనబోతే కొఱివి, అమ్మబోతే అడవి యను సామెత దీనికి సరిగా సరిపోవును. అమెరికాలో వేల డాలర్లు పోసి కొన్న వంతులను, ఏటేటి రుసుము బాధ తొలగిన చాలునని, ఒక్క డాలరునకే అమ్మజూపువారు కలరు. అమ్మిపెట్టెదమని ముందుగా రుసుము పుచ్చుకొని మాయమగు మోసగాండ్రును అచ్చట పెక్కుమంది. అచ్చట స్థిరపడిన మన తెలుగువారు వినోదస్థలముల ఉచిత టికెట్టులకై ఇట్టి సభలకు పోవునపుడు ఇది గుర్తుంచుకొందురు గాక. సంతకము చేసినను ఒడంబడికను రద్దుపఱచుకొనుటకు ఫ్లారిడాలో పది దినములును, నెవాడాలో ఐదు దినములును చట్టము గడు విచ్చుచున్నది.

మఱియొక హెచ్చరిక అత్యంతము ముఖ్యమైనది. విహారమును కాక లాభమును చూపి అమ్మబడు సభ్యత్వమును తాకనే తాకరాదు. "గది వాడుకొననిచో గడువున ఇంత సొమ్ము పెంచి యిచ్చెదము" అనుట విడిది వర్తకము కాదు, డిపాజిట్టుల వసూలు. పాన్‌కార్డ్ క్లబ్స్ అను సంస్థ ఇట్లు గదిరాత్రుల పేరిట యేబది లక్షలకు మించిన జనులనుండి ఏడువేల కోట్లకు మించిన ధనము సేకరించెను. సెబీ 2014లో దానిని ఆపి, 2016లో సొమ్ము తిరిగి చెల్లింపుమని ఆజ్ఞాపించినది. ఆజ్ఞ వచ్చినంత మాత్రమున ఆ సొమ్ము వెంటనే చేతికి రాలేదు. చిన్న చిన్న ఊళ్ల కుటుంబములు, తెలిసినవారి మాట నమ్మి కూలిడబ్బులు కట్టినవారు, ఇట్టి వానిలో చిక్కుకొనుట చూచినచో మనస్సు కలగును.

మన దేశమున వంతు విడిదులకై ప్రత్యేకమైన శాసనము లేదు. కొన్ని సంస్థల ఒడంబడికలలో పది దినములలోపల రద్దుచేసికొను గడువు కలదు. అది ఉన్నదో లేదో, ఏ దినమునుండి లెక్కింపబడునో ముందే చూచుకొనవలెను. అన్యాయమైన ఒడంబడిక యను భావమును 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము గుర్తించినది. వివాదము పుట్టిన రెండేండ్ల లోపల జిల్లా కమిషనునందు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు. సలహాకు 1915 అను జాతీయ టెలిఫోను సంఖ్య యున్నది. అమ్మువారు చెప్పిన మాటలను ఆనాడే వ్రాతలో తెప్పించుకొన్నవారికి ఈ రక్షణ యెక్కువగా ఉపయోగపడును.

మఱి ఎవరికి తగును? అప్పు చేయక, చేతనున్న సొమ్ముతో కొనగలవారికి. ఏటేట తప్పక ప్రయాణము చేయు అలవాటు ఇదివఱకే యున్నవారికి. సెలవులు తమ యధీనమున నున్నవారికి. నెలల ముందుగా ఏర్పాట్లు చేసికొనువారికి. వేఱువేఱు హోటళ్లను వెదకుట కంటె తెలిసిన విడిదియే హాయి యనుకొనువారికి. ఈ యైదును కుదిరినచో తీసికొనుటలో తప్పులేదు. గత ఐదేండ్లలో మీ కుటుంబము ఎన్నిమారులు వారము దినములు ఊరు విడిచి విహారమునకు పోయినదో వ్రేళ్లమీద లెక్కించి చూడుడు. నాలుగుకు తక్కువైనచో, సభ్యత్వము కొన్నంతమాత్రమున ఆ యలవాటు క్రొత్తగా పుట్టునని నమ్మరాదు.

ఉద్యోగవిరమణ సొమ్ము గలవారికి నా సలహా మఱింత నిష్కర్షగా చెప్పెదను. అఱువదవ యేట ఇరువదియైదేండ్ల కొండప్రయాణములు కొనుట కంటె, ఆ నాలుగు లక్షలను నిలుకడగల బ్యాంకులో వేసి, వచ్చు వడ్డీతో ఓపిక యున్న యేడు తిరుపతియో, అరకులోయయో, ఉదకమండలమో మీకు నచ్చినచోట నాలుగు దినములుండి రండు. ఓపిక లేని యేడు ఆ వడ్డీ మందులకు పనికివచ్చును. అసలు మీ పేరిటనే యుండును. సంతకము చేయుటకు ముందు ఒక్క రాత్రి గడువు తీసికొని, ఇంట నందఱును కూర్చుండి, మీ అంకెలతో ఈ లెక్కను మీరే మరల వేసి చూచుకొనుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.