సైనికుల యూనిఫారము: ధరింపదగిన వేళలు

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల బాలురు కొందఱు సైనికుల దుస్తులను బోలిన మచ్చల చొక్కాలను ముచ్చటపడి తొడుగుకొని తిరుగుట మేము చూచుచున్నాము. ఈ విషయమున కొన్ని మాటలు చెప్పదలచితిమి.

యూనిఫారము అలంకారము కాదు. సైనికుడు చేసిన ప్రతిజ్ఞకు గుర్తు. లాంఛనపు యూనిఫారమును సైనికుడైనను తన యిచ్ఛ వచ్చినప్పుడు ధరింపడు. జనవరి 26వ తేది కవాతు, పతక ప్రదానము, సహచరుని అంత్యక్రియలు మొదలగు సమయములందు ఆజ్ఞానుసారముగా ధరించును. 2020 జూను 15న గల్వాన్ లోయలో ప్రాణములర్పించిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నలు సంతోష్ బాబునకు సైనిక లాంఛనములతోనే అంత్యక్రియలు జరిగినవి. సెలవుపై ఇంటికి వచ్చిన సైనికుడు సంతకు సామాన్య వస్త్రములతోనే పోవును.

సైనికుడు కానివాడు, తన్ను సైనికుడని లోకము నమ్మవలెనని అట్టి దుస్తులు ధరించినచో, భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను ప్రకారము 3 నెలల వఱకు ఖైదుగాని, 2,000 రూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. నాటకములో సైనికుని పాత్ర ధరించుట నేరము కాదు; మోసపుచ్చు తలంపే నేరము. 2016 జనవరిలో పఠాన్‌కోటపై దాడి చేసినవారు సైనిక దుస్తులతోనే వచ్చిరి. అటుపిమ్మట, ప్రజలు అట్టి వస్త్రములు ధరింపవద్దని సైన్యము కోరెను.

కావున బాలురారా, ఎన్.సి.సి.లో చేరినవారు కవాతునాడు మీ యూనిఫారమును శుభ్రముగా ధరింపుడు; కవాతు ముగిసిన పిదప మడిచి భద్రపఱచుడు. తక్కినవారు దానిని ధరించు అర్హతను సంపాదింపుడు. తలిదండ్రులును మచ్చల చొక్కా కొనుటకు ముందు ఈ మాట తలంతురుగాక.