ఒకే విద్యా? పలు విద్యలా? – పాత్రల శిక్షణలో ఒక చిక్కుముడి

వీడియో ఆటలలో ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ అనే తరగతి ఒకటి ఉన్నది. ఇందులో ఆటగాడు తరచుగా ఒక్క వీరుని గాక ఒక జట్టునే నడిపిస్తాడు. శత్రువులను జయించిన కొలదీ పాత్రలకు పాయింట్లు లభిస్తాయి. వాటితో ఆ పాత్రలు బలపడి కొత్త విద్యలు అలవరచుకుంటాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క విద్యనే సంపూర్ణంగా నేర్పాలా, అందరికీ అన్నిటినీ కొంతకొంత నేర్పాలా అన్నది ఆటగానికి ఎదురయ్యే ప్రశ్న. పదుల గంటలు సాగే ఆటలో ఈ నిర్ణయం తప్పినట్లు చివరి యుద్ధాలలో గాని తెలియకపోవచ్చు.

ఈ పనివిభజనకు మూలం 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. కాగితం, పాచికలతో ఆడే ఆ ఆటలో యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు అనే మూడు వర్గాలు ఉండేవి. 1987లో జపానులో విడుదలైన ‘ఫైనల్ ఫాంటసీ’లో నలుగురి జట్టుకు ఆరు వృత్తుల నుండి ఎంచుకునే వీలు కల్పించారు. వాటిలో ‘రెడ్ మేజ్’ కత్తి పట్టగలడు, గాయాలు మాన్పగలడు, అగ్నిమంత్రమూ వేయగలడు. అయితే అత్యున్నత మంత్రాలు అతనికి అందవు. ఆరంభంలో అన్నిటికీ అక్కరకు వచ్చే ఈ పాత్ర పోనుపోను వెనుకబడుతుంది.

దీనికి కారణం సులభమే. అటువంటి ఆటలో ఒక్కొక్క వంతుకు ఒక పాత్ర ఒక్క పనే చేయగలదు. అష్టావధాని సైతం ఒక క్షణాన ఒక్క పృచ్ఛకునికే సమాధానం చెప్పగలడు. పది విద్యలు తెలిసినా ఆ వంతులో ఉపయోగపడేది ఒక్కటే గనుక, ఆ ఒక్కటి బలంగా ఉండడమే మేలు.

అయితే ఒకే విద్యను నమ్ముకొనడంలోనూ ప్రమాదం ఉన్నది. పడిపోయినవారిని లేపే మంత్రం జట్టులో ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరే నేలకొరిగితే మిగిలినవారి పరాక్రమం నిష్ఫలమవుతుంది.

ఈ రెండు కొసల నడుమ జరిగిన ఊగిసలాటకు ‘ఫైనల్ ఫాంటసీ 12’ చరిత్ర చక్కని ఉదాహరణ. 2006 నాటి తొలి ప్రతిలో ఆరుగురు పాత్రలకూ ఒకే రకమైన శిక్షణ పటం ఉండేది. ఎవరైనా ఏదైనా నేర్వవచ్చు. ఫలితంగా చివరకు ఆరుగురూ ఒకే అచ్చున పోసినట్లు తయారయ్యేవారు. 2007లో జపానులో వెలువడిన సవరించిన ప్రతిలో మేషం మొదలు మీనం వరకు గల రాశులను అనుసరించి పన్నెండు వృత్తులు ఏర్పరచి, ఒక్కొక్కరికి ఒక్క వృత్తినే అనుమతించారు. ఒకసారి ఎంచుకున్న పిదప మార్పు లేదు. 2017 నాటి ‘ది జోడియాక్ ఏజ్’లో ఒక్కొక్కరికి రెండేసి వృత్తులు ఇచ్చారు. ఆరుగురికి రెండేసి చొప్పున పన్నెండు వృత్తులూ జట్టులో ఇమిడిపోతాయి. 2019లో స్విచ్, ఎక్స్‌బాక్స్ వన్ ప్రతులలో ఎంపికను మార్చుకునే వెసులుబాటు సైతం వచ్చింది.

రెండవ విద్యను ఎంచుకునేటప్పుడు అది మొదటిదానికి తోడ్పడుతుందా అని చూడాలి. ఈ ఆటలో బరువైన కవచం దేహబలాన్ని, మాంత్రికుల వస్త్రం మంత్రశక్తిని పెంచుతాయి. రెండింటినీ ఒకేసారి ధరించడం కుదరదు. కనుక ఖడ్గయోధునికి దాడిమంత్రాలు నేర్పడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. అదే యోధునికి మరొక ఆయుధవిద్య నేర్పితే ఆ కవచమే రెండింటికీ పనికివస్తుంది.

కాబట్టి ప్రతి పాత్రకూ ఒక ప్రధాన విద్య, దానికి పొసగే ఉపవిద్య ఒకటి ఉంటే చాలును. చికిత్స, పడినవారిని లేపడం అనే రెండు పనులు మాత్రం కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. మిగిలిన పాయింట్లను ప్రధాన విద్యకే వెచ్చించడం ఉత్తమం.