నీళ్లు తాగే ఒపల్‌కు సాన

ఒపల్ రాళ్లలో నీళ్లు తాగేవి ఒక రకం. వీటిని హైడ్రోఫేన్ అంటారు. పొడిగా ఉన్నప్పుడు మీగడలా తెల్లగా, లోపల ఎరుపు, పచ్చ, నీలం మెరుపులతో కనిపించే రాయిని గిన్నెడు నీళ్లలో వేస్తే కొద్దిసేపట్లో గాజుముక్కలా మారిపోతుంది. ఒక్కోసారి మెరుపులు కూడా మాయమవుతాయి. ఆరాక మళ్లీ మొదటికి వస్తుంది. ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో, వెగెల్ తేనా ఊరి దగ్గర 2008లో ఇలాంటి ఒపల్ పెద్ద ఎత్తున బయటపడింది. ఆస్ట్రేలియా ఒపల్‌తో పోలిస్తే చవక కావడంతో జైపూర్ సాన కార్ఖానాలకూ, ఇంట్లో చిన్న యంత్రం పెట్టుకుని రాళ్లు సాన పట్టే సరదా ఉన్నవాళ్లకూ ఇది అందుబాటులోకి వచ్చింది.

ఒపల్ అంటే సిలికా, నీరు కలిసిన పదార్థం. ఇసుకలో ఉండేదీ సిలికాయే గానీ, ఒపల్‌లో అది స్ఫటికంగా ఉండదు. 150 నుంచి 300 నానోమీటర్ల సైజు గోళాలుగా, సంతలో బత్తాయిలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఉంటుంది. ఆ వరసల మధ్య కాంతి విడిపోయి రంగులు పుడతాయి. ఈ సంగతి ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి 1964లో తేల్చారు. మామూలు ఒపల్‌లో గోళాల మధ్య సందులు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. హైడ్రోఫేన్‌లో తెరిచే ఉంటాయి. సందుల్లో గాలి ఉంటే కాంతి చెదిరి రాయి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు నిండితే ఆ చెదరడం తగ్గి పారదర్శకం అవుతుంది.

తాగేది నీళ్లే కానక్కర్లేదన్నది అసలు చిక్కు. నూనె, అత్తరు, సబ్బు, రంగు, ఏదైనా లోపలికి పోతుంది. నీరు ఆరిపోతుంది, నూనె ఆరదు. మన దగ్గర శుక్రుడికి వజ్రం పెట్టుకోలేనివాళ్లు ఒపల్ ఉంగరం ధరించడం మామూలే. వేలికి పెట్టుకునే ముందు పాలతోనో, పసుపు నీళ్లతోనో, పంచామృతాలతోనో శుద్ధి చేస్తారు. గుల్ల ఒపల్‌కు ఇంతకంటే చెరుపు లేదు. పట్టిన పసుపు మళ్లీ వదులుతుందన్న భరోసా లేదు.

అందుకే సానకు ముందే రాయి గుణం తెలుసుకోవాలి. పొడి రాయిని నాలుక కొసకు ఆనిస్తే గుల్ల రకం పలకబలపంలా అంటుకుంటుంది. దాని మీద నీటి చుక్క వేస్తే నిలవకుండా ఇంకిపోతుంది. అన్నిటికన్నా నమ్మకమైనది తూకం. క్యారెట్లలో తూచే చిన్న కాటా మీద పొడి రాయి బరువు రాసిపెట్టుకుని, ఒక రాత్రి శుభ్రమైన నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాలి. పెరిగిన బరువంతా రాయి తాగిన నీరే. ఆ మొదటి అంకెను జాగ్రత్తగా దాచుకోవాలి, చివర్లో దాంతోనే పని.

ముడిరాయి పొడిగా ఉండగానే రంగు ఏ వైపు బాగుందో చూసి పెన్సిలుతో గుర్తు పెట్టాలి. తడిశాక పగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి గానీ రంగు కనపడకపోవచ్చు. సాన పట్టేటప్పుడు పట్టుకోవడానికి రాయిని పుల్లకు లక్కతో అతికించడం పాత పద్ధతి. కాగే లక్క ఒక్కసారిగా తగిలితే రాయి చిట్లుతుంది కాబట్టి రాయిని ముందుగా గోరువెచ్చన చేయాలి. ఇన్‌స్టంట్ జిగురుతో అతికిస్తే వేడి గొడవ ఉండదు. అయితే ఆ జిగురూ లోపలికి ఇంకుతుంది. వెనక వైపు కాస్త మందం ఉంచి, చివర్లో ఆ భాగాన్ని అరగదీసెయ్యడం మేలు.

సాన వజ్రపు పొడి అంటించిన చక్రాల మీద సాగుతుంది. 280 నంబరు చక్రంతో గుమ్మటంలా ఆకారం తెచ్చి, 600, 1200, 3000 మీదుగా 14000 దాకా వెళ్తారు. ఒపల్ గట్టితనం మోస్ కొలతలో 5.5 నుంచి 6.5 మాత్రమే, క్వార్ట్జ్ కన్నా మెత్తన. ముతక చక్రం మీద చెయ్యి కాస్త బరువు వేస్తే రంగు పొర కళ్లముందే తెల్లటి బురదై వేళ్ల మీదుగా జారిపోతుంది. ప్రతి చక్రం దగ్గరా రాయిని తుడిచి, దీపం కింద వాలుగా పట్టుకుని చూడాలి. ముందటి చక్రం గీతలు ఒక్కటి మిగిలినా పై నంబరుకు పోకూడదు. 3000 మీద పోని గీత 14000 మీద పోదు, ఇంకా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. నీళ్లు చిలకరిస్తూనే పట్టాలి. పొడిగా పడితే రాయి వేడెక్కుతుంది, సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి సానకైనా మాస్కు తప్పనిసరి.

ఆఖరి మెరుగుకు ఒపల్ పనివాళ్లు సాధారణంగా వాడేది తోలు మీదో ఫెల్టు మీదో పూసిన సీరియం ఆక్సైడ్. బాగా గుల్లగా ఉన్న రాయిలో ఆ పొడి సందుల్లో ఇరుక్కుని మరక పడొచ్చు. అలాంటి వాటికి నీటితో కలిపిన 50000 నంబరు వజ్రపు పేస్టు మంచిది. నూనెతో కలిపినది వద్దు.

తర్వాత ఆరబెట్టడం. ఎండలో కాదు, పొయ్యి దగ్గర కాదు, హెయిర్ డ్రయ్యర్ అసలే కాదు. నీరు తొందరగా పోతే పైపొర, లోపొర ఒకేలా కుదించుకోలేక సన్నని పగుళ్ల వల పడుతుంది. నీడలో గుడ్డ కప్పి వదిలేస్తే కొన్ని రోజులు, పెద్ద రాయికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో పాలిపోయినట్టు, మచ్చలు పడ్డట్టు కనిపిస్తే రాయి పాడైందని కంగారుపడతారు. అది సగం ఆరిన దశ. కాటా మీద మొదటి అంకె మళ్లీ వచ్చినప్పుడు ఆరినట్టు.

గుల్లతనాన్నే వాడుకుని రాయిని నల్లబరిచే పద్ధతులూ ఉన్నాయి. నేపథ్యం నల్లగా ఉంటే చెదిరిన తెల్లటి కాంతిని అది మింగేస్తుంది. సినిమా హాల్లో దీపాలు ఆర్పితే తెర మీద బొమ్మ తేలినట్టు రంగులు తేలుతాయి. ఈ పనికి పేరుపడ్డది దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆండమూకా. 1954లో ఎలిజబెత్ రాణికి బహూకరించిన 203 క్యారెట్ల ఒపల్ ఈ ఊరిదే. కానీ నల్లబరిచేది అక్కడే దొరికే మరో రకం, లేత రంగు గుల్ల రాయి. ఒపల్ అందులో సన్నగా వ్యాపించి ఉంటుంది, చూడటానికి చప్పగా ఉంటుంది. దాన్ని దాదాపు పూర్తి ఆకారానికి తెచ్చి, ఆరబెట్టి, గోరువెచ్చని చిక్కటి పంచదార పాకంలో రోజుల తరబడి నానబెడతారు. ఆ తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తారు. ఆమ్లం పంచదారలోని హైడ్రోజన్, ఆక్సిజన్లను నీటి రూపంలో లాగేస్తుంది. మిగిలిన కార్బన్ నల్లగా సందుల్లోనే ఉండిపోతుంది. చివర్లో వంటసోడా నీళ్లతో ఆమ్లాన్ని విరిచి మెరుగు పెడతారు. నలుపు పైపొర వరకే కాబట్టి మళ్లీ ముతక సాన పడితే పోతుంది. పంచదార దాకా ఇంటి పనే. ఆమ్లం మాత్రం పిల్లలు తిరిగే వంటింట్లోకి రావలసిన వస్తువు కాదు, దాన్ని ప్రయోగశాల అలవాటు ఉన్నవాళ్లకు వదిలేయాలి.

మెక్సికోలో తెలిసిన పద్ధతి పొగ. రాయిని కాగితంలో చుట్టి, కాగితం మాడేదాకా వేడి చేస్తే మసి సందుల్లోకి చేరుతుంది. ఆమ్లం లేదు, కానీ నలుపు ఇంకా పలచన, వేడికి చిట్లే ప్రమాదం ఎక్కువ. నల్లబరచకుండా చేసే మరో పని, పూర్తిగా ఆరిన రాయికి పలచటి ఎపాక్సీ రెసిన్ పట్టించి సందులు మూసేయడం. రాయి ఇక నీళ్లు తాగదు. అయితే తిరిగి వెనక్కి తీసుకునే వీల్లేదు, కాలం గడిస్తే రెసిన్ పచ్చబడొచ్చు.

నల్లబరిచిన రాయిని భూతద్దంలో చూస్తే రంగుల మధ్య మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. సహజమైన నల్ల ఒపల్ ధరతో దీనికి పోలికే లేదు. నల్లబరిచినా, రెసిన్ పట్టించినా అమ్మేటప్పుడు కొనేవాళ్లకు చెప్పి తీరాలి.

నల్లబరచని, రెసిన్ పట్టించని హైడ్రోఫేన్ ఉంగరాన్ని అంట్లు తోమేటప్పుడు, తలకు నూనె రాసుకునేటప్పుడు తీసి పక్కన పెట్టాలి. వానలో తడిసి రంగు పోతే మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో పెట్టి, నాలుగైదు రోజులు ముట్టుకోకుండా ఉండటమే చేయాల్సిన పని.